బ్రేక్ ఆయిల్ తగ్గిందా? పోయకండి, ముందు వెతకండి

"బ్రేక్ ఆయిల్ తగ్గితే కాస్త పోయించాను, ఇప్పుడు బాగానే ఉంది." పాత కారున్నవాళ్ళ నోట ఈ మాట వింటే నాకు గుండె గుభేలుమంటుంది. బ్రేక్ ఆయిల్ పెట్రోల్ కాదండీ, నడిపేకొద్దీ ఖర్చయిపోవడానికి! పెడల్ నుంచి చక్రాల దాకా మూసేసిన గొట్టాల్లోనే ఉంటుంది. చక్రాన్ని ఆపే ప్యాడ్లు అరిగేకొద్దీ బ్రేక్ ఆయిల్ డబ్బాలో మట్టం నెలల తరబడి మెల్లగా దిగుతుంది, అది మామూలే. పోసిన వారానికే మళ్ళీ డబ్బా మీది మిన్ (కనీస మట్టం) గీత దగ్గరికొస్తే మాత్రం ఎక్కడో కారుతోందని అర్థం.

ఊళ్ళో బోరింగు గుర్తుందా? లోపల వాషర్ అరిగితే హ్యాండిల్ ఊరికే ఊగుతుంది, నీళ్ళు రావు. పైనుంచి చెంబెడు నీళ్ళు పోసి గబగబా కొడితే కాసేపు వస్తాయి. మర్నాడు మళ్ళీ అదే తంతు. మీరు పోయించే బ్రేక్ ఆయిల్ కూడా ఆ చెంబెడు నీళ్ళే. కాకపోతే అక్కడ బిందె నిండదు, ఇక్కడ ఘాట్ రోడ్డు దిగుతుంటే పెడల్ నేలకి తగులుతుంది.

ఇవాళ మన ముందున్నది మారుతి 800. 2014లో తయారీ ఆపేశారు, అంటే ఎంత కొత్తదైనా పదేళ్ళు దాటినట్టే. ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. ఇలాంటి బళ్ళలో నేను మొదట అనుమానించేది వెనక చక్రాల్లోని వీల్ సిలిండర్‌నే, అంటే ఆయిల్ ఒత్తిడితో బ్రేక్ షూలని డ్రమ్ముకి నొక్కే చిన్న సిలిండర్‌ని.

[వెనక టైరు లోపలి వైపు, దగ్గరగా]

ఇదిగో, టైరు లోపలి గోడ మీద తడి చార. ఇది బ్రేక్ ఆయిలా, ఇంకేదైనానా? ఒక చుక్క తీసి గ్లాసు నీళ్ళలో వేయండి. చూశారా, కలిసిపోయింది. ఇంజన్ ఆయిల్ అయితే పైన తేలుతుంది.

కారు సమంగా ఉన్న నేల మీద పెట్టి, ముందు చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టండి. ఒక్క జాకీని నమ్మి చెయ్యి పెట్టొద్దు, స్టాండ్ ఉండాల్సిందే. హ్యాండ్ బ్రేక్ దించితేనే డ్రమ్ వస్తుంది. బిగుసుకుపోతే సుత్తితో బాదకండి. డ్రమ్ ముఖం మీద మరలున్న రంధ్రాలు రెండున్నాయి, వాటిలో 8 ఎం.ఎం. బోల్టులు సమంగా బిగిస్తూ పోతే అదే బయటికొస్తుంది. లోపలి దుమ్ము నోటితో ఊదొద్దు, షూల మీది పాత లైనింగుల్లో (డ్రమ్ముకి రాసుకునే పొర) ఊపిరితిత్తులకి హాని చేసే ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు.

[వీల్ సిలిండర్, ఇంకా దగ్గరగా]

ఈ రబ్బరు తొడుగు అంచు వేలితో మెల్లగా ఎత్తుతున్నా. చూడండి, లోపల నిలవున్న ఆయిల్ బొటబొటా కారింది. దొంగ దొరికాడు! లోపలి రబ్బరు కప్పు అరిగింది. బోరింగులో వాషర్ చేసే పని ఇక్కడ ఈ కప్పుది.

"అయితే వాషర్ కిట్ వేసేస్తే సరి" అంటారు. ఆగండి. బోరింగు గొట్టం లోపల గీతలు పడితే కొత్త వాషర్ కూడా నాలుగు రోజుల్లో చిరుగుతుంది కదా? ఇక్కడా అంతే. బ్రేక్ ఆయిల్ గాల్లో తేమని పీల్చుకుంటుంది, ఆ తేమకి సిలిండర్ లోపల తుప్పు గుంటలు పడతాయి. గోరుతో గీసి చూడండి, ఎక్కడైనా తగులుకుందంటే కిట్ దండగ. నన్నడిగితే సిలిండర్ మొత్తం మార్చెయ్యడమే మంచిది.

ఆయిల్‌లో నానిన బ్రేక్ షూలని ఎమరీ పేపర్‌తో రుద్ది మళ్ళీ ఎక్కించేవాళ్ళున్నారు. దయచేసి ఒప్పుకోవద్దు. లైనింగ్ పీల్చుకున్న ఆయిల్ రుద్దితే పోదు. రెండు వైపులా కొత్తవి వేయించండి, లేకపోతే బ్రేక్ వేసినప్పుడు బండి ఒక పక్కకి లాగుతుంది. రబ్బరు భాగాలని పెట్రోల్‌తో కానీ కిరోసిన్‌తో కానీ కడగొద్దు, ఉబ్బిపోతాయి.

టైమ్ అయిపోతోంది, మిగతాది గబగబా చెప్పేస్తా. సిలిండర్ విప్పేటప్పుడు పైపు నట్టుకి ఫ్లేర్ నట్ స్పానరే (నట్టుని చుట్టూ పట్టుకునే స్పానర్) వాడండి, మామూలుదైతే అంచులు అరిగిపోతాయి. తర్వాత గొట్టాల్లో చేరిన ఎయిర్ తీయాలి. సిలిండర్ వెనకున్న నిపుల్‌కి (ఎయిర్ వదిలే చిన్న మర) పారదర్శకమైన ట్యూబు తగిలించి, రెండో కొస సీసాలోని ఆయిల్‌లో ముంచండి. ఒకరు పెడల్ తొక్కి పట్టుకోవాలి, మీరు నిపుల్ వదులు చేసి, బిగించాలి, ఆ తర్వాతే వాళ్ళు కాలు తీయాలి. బుడగలు ఆగేదాకా ఇదే. మధ్యలో డబ్బా ఖాళీ అయితే మళ్ళీ మొదటికే. ఏ ఆయిల్ పొయ్యాలో మూత మీద ఉంటుంది, డాట్ 3 లేదా డాట్ 4 (ఇవి బ్రేక్ ఆయిల్ రకాల పేర్లు). డాట్ 5 సిలికాన్ రకం, అది కలపనే వద్దు. పెయింట్ మీద చుక్క పడితే వెంటనే నీళ్ళతో కడగండి.

చక్రాలన్నీ పొడిగా ఉన్నా ఆయిల్ తగ్గుతోందా? పెడల్ తొక్కితే ఆయిల్‌ని గొట్టాల్లోకి నెట్టే మాస్టర్ సిలిండర్ వెనక చూడండి. బూస్టర్ (పెడల్ తొక్కే బలాన్ని పెంచే డబ్బా) ఉన్న బళ్ళలో ఆయిల్ అందులోకి పోతుంది, బయటికి చుక్క కూడా కనిపించదు. పని అయ్యాక పెడల్‌ని నిమిషంపాటు గట్టిగా తొక్కి పట్టుకోండి. మెల్లగా కిందికి జారుతోందంటే బండి కదపకండి, మెకానిక్‌నే ఇంటికి పిలిపించండి.