లేగదూడ నెత్తురులో గామా డెల్టా టీ కణాలు

అందరికీ నమస్కారం. కాకతీయ యూనివర్సిటీ జువాలజీ విద్యార్థులు, మామునూరు పశువైద్య కళాశాల విద్యార్థులు ఈ హాల్లో కలిసి కూర్చోవడం నాకు చాలా సంతోషం. ఇవాళ నేను చెప్పబోయే విషయానికి మీ ఇద్దరూ కావాలి.

టీ కణాలంటే క్రిములతో పోరాడే తెల్ల రక్తకణాల్లో ఒక రకం. వాటి మీదుండే గ్రాహకాన్ని, అంటే క్రిమి జాడను పట్టే ప్రోటీన్‌ను బట్టి ఆల్ఫా బీటా, గామా డెల్టా అని రెండు రకాలు. మనిషి రక్తంలోని టీ కణాల్లో గామా డెల్టా రకం మామూలుగా 1 నుంచి 5 శాతమే. ఇవి బయటపడింది కూడా 1980ల నడుమనే. అందుకే క్లాసులో వీటిని తొందరగా దాటేస్తాం. అదే లేగదూడను చూడండి. దాని రక్తంలో తిరిగే లింఫోసైట్లలో, అంటే టీ కణాలు కూడా చేరిన తెల్ల రక్తకణాల గుంపులో, సగం దాకా ఇవే ఉండొచ్చు! గొర్రెపిల్లలోనూ చాలా ఎక్కువ. వయసు పెరిగేకొద్దీ తగ్గుతాయి. మనిషిని, ఎలుకను చూసి రాసుకున్న ఇమ్యునాలజీకి, అంటే రోగనిరోధక శాస్త్రానికి అందని సంగతులు మన కొట్టంలో ఉన్నాయని నా గట్టి నమ్మకం.

ఆల్ఫా బీటా టీ కణం సూక్ష్మజీవిని నేరుగా గుర్తుపట్టలేదు. వేరే కణం ఆ క్రిమి ప్రోటీన్‌ను ముక్కలు చేసి, తన పైపొర మీదుండే ఎంహెచ్‌సీ అనే అణువు మీద పెట్టి చూపించాలి. గామా డెల్టా కణాల్లో చాలావాటికి ఆ అవసరం లేదు. మన రక్తంలో ఎక్కువగా ఉండే గామా 9 డెల్టా 2 రకాన్నే తీసుకోండి. క్షయ బ్యాక్టీరియాలో, మలేరియా పరాన్నజీవిలో హెచ్‌ఎంబీపీపీ అనే చిన్న ఫాస్ఫేట్ అణువు తయారవుతుంది. మన కణాలు దాన్ని తయారుచేయవు. క్రిమి సోకిన కణం లోపల అది బ్యూటిరోఫిలిన్ 3ఏ1 అనే ప్రోటీన్ లోపలి కొసకు అతుక్కుంటుంది. అప్పుడు బ్యూటిరోఫిలిన్ 2ఏ1 వచ్చి దానితో జతకడుతుంది. ఆ మార్పును టీ కణం బయటి నుంచే పసిగడుతుంది. లోపల దాగిన క్రిమి జాడ కణం పైపొర మీద తెలిసిపోవడం, ఎన్నిసార్లు చదివినా నాకు అబ్బురమే. ఫాల్సిపేరమ్ మలేరియా వచ్చినవాళ్లలో ఈ కణాలు బాగా పెరుగుతాయి. ఏటూరునాగారం వైపు పల్లెల నుంచి వచ్చినవాళ్లకు ఆ జ్వరం సంగతి నేను చెప్పక్కర్లేదు. ప్రయోగశాల ఎలుకలో మాత్రం ఈ రకం లేనే లేదు.

పేగుల్లో, చర్మంలో కాపలా, క్యాన్సర్ కణాలను చంపడం కూడా గామా డెల్టా కణాల పనులే. అదంతా ఇంకో రోజు మాట్లాడుకుందాం.

పశువుల దగ్గరికి వద్దాం. వాటి గామా డెల్టా కణాల్లో చాలావాటి మీద డబ్ల్యూసీ1 అనే గ్రాహకాలు ఉంటాయి. ఆవులో వీటికి 13 జన్యువులు. కొన్ని డబ్ల్యూసీ1లు లెప్టోస్పైరా బ్యాక్టీరియాను నేరుగా పట్టుకుంటాయి. పశువుల మూత్రం, ఎలుకల మూత్రం కలిసిన నీళ్ల ద్వారా మనిషికీ సోకే క్రిమి అది. వరి మడిలో వట్టికాళ్లతో దిగేవాళ్లకు ముప్పు. చంపిన లెప్టోస్పైరాతో చేసిన టీకా వేస్తే పశువుల్లో ఈ కణాలు స్పందించి, ఇంటర్‌ఫెరాన్ గామా అనే రోగనిరోధక సంకేత ప్రోటీన్‌ను విడుదల చేశాయి.

జువాలజీ వాళ్లు కణాలను రకాలవారీగా లెక్కపెట్టే ఫ్లో సైటోమెట్రీ నేర్చుకుంటున్నారు. మామునూరు వాళ్లకు దూడను బెదరనీయకుండా రక్తం తీయడం తెలుసు. డబ్ల్యూసీ1ను గుర్తించే యాంటీబాడీలు కూడా ఉన్నాయి. మన ఊళ్ల దూడల్లో పుట్టిన వారం నుంచి ఏడాది దాకా ఈ కణాల లెక్క తీయడానికి మీలో ఎవరెవరు ముందుకొస్తారో, ఇప్పుడే చేతులెత్తండి.