ఓట్లేసినవాళ్లంతా పాట కొంటారా?

(పాల్గొన్నవారు: రియాలిటీ షోలు తీసిన ఒక నిర్మాత, స్టాటిస్టిక్స్ బోధించే ఒక లెక్చరర్, ఒకప్పుడు టీవీ పాటల పోటీలో ఫైనల్ దాకా వెళ్లిన ఒక గాయని. స్టూడియోలో జరిగిన చర్చను దాదాపు ఉన్నదున్నట్టుగా ఇస్తున్నాం.)

వ్యాఖ్యాత: నమస్కారం. టీవీ పాటల పోటీల గురించి ఎక్కడ మాట్లాడినా ఒక మాట వినపడుతుంది. గెలిచినవాడు అయిపు లేకుండా పోయాడు, ఓడినవాడు స్టారయ్యాడు, కాబట్టి జనానికి ఓటేయడం రాదు అని. ఇవాళ ఆ మాటనే పట్టుకుందాం. ప్రొడ్యూసర్ గారూ, జనం ఓటు తప్పంటారా?

నిర్మాత: తప్పెలా అవుతుందండీ? వాళ్ల ఫోను, వాళ్ల ఓటు. 2006లో అమెరికన్ ఐడల్ ఫైనల్‌కి 6 కోట్ల 34 లక్షల ఓట్లు పడ్డాయి. అంతమంది కలిసి...

లెక్చరర్: అంతమంది కాదు సార్, అన్ని ఓట్లు.

నిర్మాత: సరే మేడమ్, అన్ని ఓట్లు.

లెక్చరర్: అక్కడే ఉంది కిటుకంతా. అప్పట్లో లైన్లు తెరిచి ఉన్నంతసేపూ ఒకే మనిషి ఎన్నిసార్లయినా ఫోన్ చేయగలిగేవాడు. ఏ అమెరికా అధ్యక్షుడికీ ఇన్ని ఓట్లు రాలేదని ఆ రాత్రి యాంకర్ గర్వంగా చెప్పాడు. అధ్యక్ష ఎన్నికలో రీడయల్ బటన్ ఉండదు కదా! ఒక లెక్క చెబుతాను. పదివేల మంది ఒక గాయకుడంటే పడిచస్తారు అనుకోండి. ఒక్కొక్కరు వంద ఓట్లేస్తే పది లక్షల ఓట్లు. ఇంకో గాయకుడు లక్ష మందికి నచ్చాడు, కానీ మామూలుగా నచ్చాడు. వాళ్లలో సగం మంది ఓటేయడమే మర్చిపోతారు, మిగతావాళ్లు తలా ఒకటి వేస్తారు. యాభై వేలు. పోటీలో మొదటివాడు ఇరవై రెట్లు ముందున్నాడు. ఆల్బమ్ బజారులోకి వచ్చాక? ఒక మనిషి ఒకే ఆల్బమ్ వంద కాపీలు కొనడు.

వ్యాఖ్యాత: 2006లో అదే జరిగిందంటారా?

లెక్చరర్: ఆ గుర్తులు కనిపిస్తాయి. ఆ ఏడాది గెలిచిన టేలర్ హిక్స్ 2008 మొదట్లోనే తన లేబుల్ (రికార్డు కంపెనీ) నుంచి బయటికొచ్చేశాడు. అదే సీజన్లో నాలుగో స్థానంలో వెనుదిరిగిన క్రిస్ డాట్రీ సొంత బ్యాండ్ పెట్టుకున్నాడు. ఆ బ్యాండ్ తొలి ఆల్బమ్, అమెరికాలో ఆల్బమ్‌లకి ర్యాంకులిచ్చే బిల్‌బోర్డ్ పత్రిక 2007 ఏడాది పట్టికలో మొదటి స్థానంలో నిలిచింది.

గాయని: నేనో మాట చెప్పొచ్చా? లోపల నిలబడినవాళ్లకి ఇంకోటి కనిపిస్తుంది. ఎలిమినేషన్ ఓటు "నీకెవరు నచ్చారు?" అని అడగదు. "ఎవరు వెళ్లిపోతే నీకు బాధ?" అని అడుగుతుంది. బాగా పాడేవాళ్లకి అక్కడే దెబ్బ పడుతుంది. "ఆ అమ్మాయికేం, జడ్జీలు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు, ఎలాగూ సేఫ్" అని ఓటు ఇంకొకరికి వేస్తారు. నా విషయంలో అంత జరిగిందని గొప్పలు చెప్పుకోవట్లేదు, (నవ్వు) కానీ పక్కనున్నవాళ్లకి జరగడం చూశాను.

లెక్చరర్: దానికి 2004 అమెరికన్ ఐడల్ మంచి సాక్ష్యం. ఒక వారం అట్టడుగున మిగిలిన ముగ్గురూ పెద్ద గొంతున్న నల్లజాతి గాయనులే: ఫాంటేజియా బారినో, లాటోయా లండన్, జెనిఫర్ హడ్సన్. హడ్సన్ ఏడో స్థానంతో ఇంటికెళ్లింది. ఇది జాతివివక్ష అని బ్రిటిష్ గాయకుడు ఎల్టన్ జాన్ బహిరంగంగానే అన్నాడు.

వ్యాఖ్యాత: మీరూ అలాగే అనుకుంటారా?

లెక్చరర్: అది లేదని నేననను. దాంతోపాటు మన ఎన్నికల్లో అందరికీ తెలిసిన ఓట్ల చీలిక కూడా ఉంది. ఒకే తరహా గొంతులు మూడు నిలబడితే, ఆ తరహా ఇష్టపడేవాళ్ల ఓట్లు మూడు ముక్కలవుతాయి. విచిత్రమేమిటంటే ఆ వారం అడుగున నిలబడిన ఫాంటేజియానే చివరికి టైటిల్ గెలిచింది. ముగ్గురు ఒక్కరయ్యేసరికి చీలిక పోయింది. హడ్సన్‌కి 2007లో సహాయనటిగా ఆస్కార్ వచ్చింది.

నిర్మాత: చూశారా, మళ్లీ ఓడినవాళ్ల కథే. ఇదే నాకు ఒళ్లు మండే విషయం. కెల్లీ క్లార్క్‌సన్ 2002లో గెలిచింది. క్యారీ అండర్‌వుడ్ 2005లో గెలిచింది. ఇంగ్లండ్‌లో లియోనా లూయిస్ 2006లో ఎక్స్ ఫ్యాక్టర్ గెలిచింది. వీళ్లంతా ఎక్కడికి పోయారు? జనం సరిగ్గా ఓటేసిన రోజు ఎవరూ చర్చ పెట్టరు.

లెక్చరర్: ఇక్కడ మాత్రం సార్ మాటే నిజం. ఈ "ఓడినవాళ్లే గెలుస్తారు" అన్న వాదన లెక్కల ముందు నిలబడదు. ఒక సీజన్లో ఫైనలిస్టులు పది, పన్నెండు మంది ఉంటారు. గెలిచేది ఒక్కరు. అంటే ఒకవైపు ఒక టికెట్, ఇంకోవైపు పదకొండు టికెట్లు. ఆ పదకొండులో ఏదో ఒకదానికి లాటరీ తగిలితే ఆశ్చర్యం ఏముంది? మనం అడగాల్సిన ప్రశ్న వేరు. గెలిచినవాళ్లలో ఎంతమంది నిలదొక్కుకున్నారు, ఐదో స్థానంలో పోయినవాళ్లలో ఎంతమంది నిలదొక్కుకున్నారు? ఐదో స్థానంలో పోయినవాళ్ల పేర్లు పది చెప్పండి చూద్దాం.

వ్యాఖ్యాత: నాకు ఒక్కటీ రావట్లేదు.

లెక్చరర్: ఎవరికీ రావు. డాట్రీ, హడ్సన్ గుర్తున్నారంటే వాళ్లు అరుదు కాబట్టే. వన్ డైరెక్షన్ 2010 ఎక్స్ ఫ్యాక్టర్‌లో మూడో స్థానంలో నిలిచింది, తర్వాత ప్రపంచమంతా ఊగిపోయింది, నిజమే. మరి మిగతా మూడో స్థానాలన్నీ ఏమయ్యాయి? జనం ఓటు పనికిరానిది కాదు. అది ఒక మోస్తరు కొలత. గురి కొంచెం అటూ ఇటూ అయిన తక్కెడ. అది చూపించే బరువుని దేవుడి మాటలా తీసుకుంటేనే చిక్కు.

నిర్మాత: వన్ డైరెక్షన్ అన్నారు కాబట్టి చెబుతాను. ఆ ఐదుగురూ సోలో పాడటానికి వచ్చిన కుర్రాళ్లు. షోవాళ్లే వాళ్లని కలిపి గ్రూపు చేశారు. ఆ సీజన్ గెలిచిన మాట్ కార్డిల్ మొదటి వారం తప్ప ప్రతి వారం ఓట్లలో ముందున్నాడని సీజన్ అయ్యాక వెల్లడించారు. అంటే జనం తడబడలేదు, మొదట్నుంచీ ఒక్కడినే కోరుకున్నారు. కానీ ఆ ఓట్లేసింది శనివారం కుటుంబమంతా కూర్చుని చూసే ప్రేక్షకులు. వన్ డైరెక్షన్ రికార్డులు కొన్నది ప్రపంచమంతటా ఉన్న టీనేజీ అమ్మాయిలు. వాళ్లలో చాలామందికి ఆ షో ఓటింగ్ నంబరే లేదు!

గాయని: ఇంకో సంగతి సార్. గెలిచినవాళ్లకి టైముండదు. ఫైనల్‌కి ముందే పాట రికార్డయి ఉంటుంది, ఇద్దరు ఫైనలిస్టులచేతా అదే పాట పాడిస్తారు, ఎవరు గెలిస్తే వాళ్లది విడుదల. 2002లో బ్రిటన్‌లో పాప్ ఐడల్ గెలిచిన విల్ యంగ్ తొలి సింగిల్ మొదటి వారంలోనే 11 లక్షల కాపీలు అమ్ముడైంది. అది విల్ యంగ్ అమ్మిన పాటా, షో అమ్మిన పాటా? అతను అదృష్టవంతుడు, తర్వాత తన దారి తను వెతుక్కున్నాడు. చాలామంది ఆ మొదటి పాట దగ్గరే ఆగిపోతారు. జనం పోటీ ముగింపు కొన్నారు, గాయకుణ్ని కాదు.

వ్యాఖ్యాత: ఓడినవాళ్లకి టైము దొరుకుతుంది.

గాయని: దొరుకుతుంది, వాడుకుంటే. అరిజిత్ సింగ్ 2005లో ఫేమ్ గురుకుల్ అనే హిందీ టీవీ పోటీలో ఫైనల్ చేరకుండానే వెళ్లిపోయాడు. దేశమంతా పేరు తెలిసింది 2013లో. మధ్యలో స్టూడియోల్లో మ్యూజిక్ ప్రోగ్రామింగ్ చేశాడు, సంగీత దర్శకుల దగ్గర సహాయకుడిగా ఉన్నాడు. ఓడిపోవడం వల్ల స్టారయ్యాడంటే నాకు కోపమొస్తుంది. ఆ ఏళ్లన్నీ ఎవరు పనిచేశారు మరి?

వ్యాఖ్యాత: 2007 ఇండియన్ ఐడల్ సంగతి కూడా మాట్లాడాలి. ప్రశాంత్ తమాంగ్.

నిర్మాత: అది పాటల పోటీ చరిత్రలోనే ప్రత్యేకం. కోల్‌కతా పోలీస్ కానిస్టేబుల్, నేపాలీ మాట్లాడే డార్జిలింగ్ కుర్రాడు. ఎదురుగా షిల్లాంగ్ నుంచి అమిత్ పాల్. డార్జిలింగ్ కొండల్లో ఊళ్లకి ఊళ్లు కదిలి చందాలు పోగేసి ఎస్ఎంఎస్‌లు పంపాయి, ప్రశాంత్ గెలిచాడు. ఆ ప్రచారాన్ని ముందుండి నడిపిన బిమల్ గురుంగ్ ఫైనల్ అయిన కొన్ని రోజులకే, అక్టోబర్ 2007లో, గోర్ఖా జనముక్తి మోర్చా పెట్టాడు. ఒక టీవీ షో ఓటింగ్ నుంచి రాజకీయ పార్టీ పుట్టింది!

లెక్చరర్: వాళ్లు ఓటేసింది స్వరానికి కాదు, "మేమూ ఉన్నాం" అని చెప్పడానికి. అందులో తప్పులేదు. ఆ అభిమానం హిందీ పాటల మార్కెట్‌కి బదిలీ కాలేదు, అంతే. తమాంగ్ నేపాలీ సినిమాల్లో హీరో అయ్యాడు. ఎవరు ఓటేశారో వాళ్లే ఆదరించారు.

వ్యాఖ్యాత: ఇప్పుడు ప్రొడ్యూసర్ గారిని కాస్త ఇబ్బంది పెట్టే ప్రశ్న. ఓటు కూడా అమ్మకమే కదా?

నిర్మాత: ఎస్ఎంఎస్‌కి డబ్బు వస్తుంది, దాచేదేముంది. అంతకంటే ముఖ్యం, ఓటేసినవాడు ఫలితం కోసం రేపు మళ్లీ టీవీ ముందు కూర్చుంటాడు. ప్రకటనల రేటు అక్కడ పెరుగుతుంది. షోకి ఓటు పని అదే. స్టార్ దొరికితే అది బోనసు.

లెక్చరర్: ఇంత నిజాయితీగా చెబుతారనుకోలేదు.

నిర్మాత: రిటైరయ్యాక నిజాయితీ తేలిక మేడమ్.

లెక్చరర్: డబ్బు పెట్టి ఎన్ని ఓట్లయినా కొనుక్కోవచ్చు అన్నప్పుడు అది ఎక్కడిదాకా పోతుందో చైనాలో చూశాం. 2005లో సూపర్ గర్ల్ అనే పాటల పోటీ ఫైనల్లో లీ యూచున్ అనే గాయనికి 35 లక్షల పైచిలుకు ఎస్ఎంఎస్ ఓట్లు. అప్పట్లో అదంతా ఉత్సాహమే. 2021కి వచ్చేసరికి ఒక ఐడల్ షోకి, అంటే కొత్త పాప్ స్టార్లని ఎంపిక చేసే షోకి, ఓటేయాలంటే స్పాన్సర్ పాల సీసా మూత లోపలున్న కోడ్ స్కాన్ చేయాలి. అభిమానులు సీసాలు కొని, మూతలు తీసుకుని, పాలు కాలువలో పారబోయించారు. ఆ వీడియో బయటికి రాగానే ఫైనల్ ఆగిపోయింది. సెప్టెంబర్‌కల్లా ప్రభుత్వం ఐడల్ ఎంపిక షోలనే నిషేధించింది.

గాయని: కొరియాలో జరిగింది ఇంకా ఘోరం. జనం ఓట్లతో పాప్ గ్రూపుని ఎంపిక చేసే షో, ప్రొడ్యూస్ ఎక్స్ 101.

లెక్చరర్: కంచే చేను మేసింది. 2019లో ఫైనల్ ఓట్లు ప్రకటిస్తే, వరుస ర్యాంకుల మధ్య తేడా చాలాచోట్ల సరిగ్గా 29,978. ఒకసారి కాదు, పదే పదే అదే అంకె. పసిగట్టింది పోలీసులు కాదు, కాలిక్యులేటర్ పట్టుకున్న అభిమానులు. ఓట్లు తారుమారు చేసినందుకు షో దర్శకుడికి 2020లో రెండేళ్ల జైలు శిక్ష పడింది. ఆ షోలోంచి వచ్చిన ఎక్స్1 గ్రూపు 2020 జనవరిలోనే రద్దయింది. ఆ పిల్లలు ఏం తప్పు చేశారు?

వ్యాఖ్యాత: మరి జడ్జీలకే వదిలేస్తే?

గాయని: జడ్జీలకీ గొడవే. యూరప్ దేశాల మధ్య ఏటా జరిగే పాటల పోటీ యూరోవిజన్ ఫైనల్లో జ్యూరీకి సగం, జనానికి సగం. 2023లో జనం ఓట్లలో ఫిన్లాండ్‌కి 376 పాయింట్లతో మొదటి స్థానం. జ్యూరీలు 340 పాయింట్లు స్వీడన్ గాయని లొరీన్‌కి ఇచ్చాయి, మొత్తం మీద ఆవిడే గెలిచింది. హాల్లో జనం ఫిన్లాండ్ పాట పేరు అరుస్తూనే ఉన్నారు.

లెక్చరర్: జ్యూరీలైనా మనుషులే. యూరోవిజన్ ఫలితాల మీద జరిగిన పరిశోధనలో చివర్లో పాడినవాళ్లకి ఎక్కువ మార్కులు పడటం కనిపించింది. ఎప్పుడు పాడతారో ఎవరు నిర్ణయిస్తారు సార్?

నిర్మాత: (నవ్వు) ప్రొడ్యూసర్లే. ఆఖరి స్లాట్ ఎవరికిచ్చామో చూస్తే మా మనసులో మాట తెలిసిపోతుంది.

వ్యాఖ్యాత: అమెరికాలో ది వాయిస్ అనే పాటల పోటీవాళ్లు పాట కొనడాన్నే ఓటుగా లెక్కపెట్టారు కదా?

లెక్చరర్: మంచి ఆలోచనే. ఆన్‌లైన్ పాటల దుకాణం ఐట్యూన్స్‌లో కొంటే ఓటు, అక్కడ టాప్ టెన్‌లోకి వస్తే ఆ ఓట్లని కొన్ని రెట్లు చేసి లెక్కపెట్టేవాళ్లు. కానీ కొనడమే ఓటయ్యాక, అభిమాని తన గాయకుణ్ని నిలబెట్టడానికే కొంటాడు, వినడానికి కాదు. మళ్లీ అదే చిక్కు. ఆ షోలో 2014లో మధ్యలోనే వెళ్లిపోయిన మోర్గన్ వాలెన్ ఆల్బమే 2021లో అమెరికాలో అన్నిటికంటే పెద్ద హిట్. అసలు మార్కెట్‌లోనూ ఓటింగ్ ఉద్యమాలు నడుస్తాయి. 2009 క్రిస్మస్‌కి ఎక్స్ ఫ్యాక్టర్ విజేత పాటని ఓడించాలని బ్రిటన్‌లో జనం రేజ్ అగెయిన్‌స్ట్ ది మెషీన్ అనే రాక్ బ్యాండ్ పాత పాటని 5 లక్షల కాపీలు కొని నంబర్ వన్ చేశారు.

వ్యాఖ్యాత: ఒక కాలర్ లైన్లో ఉన్నారు. చెప్పండమ్మా.

కాలర్: మా అమ్మాయి బాగా పాడుతుందండీ. ఇలాంటి పోటీకి పంపమంటారా?

గాయని: పంపండమ్మా. కానీ ఆడిషన్ ఫారంలో సంతకం పెట్టే ముందు తెలిసిన లాయర్‌కి చూపించండి. లేబుల్‌కి ఎన్నేళ్లు కట్టుబడాలి, పాట ఎవరు ఎంచుతారు, షో అయ్యాక బయట పాడుకోవచ్చా, ఈ మూడూ అడగండి. ఓట్ల సంగతి ఎవరి చేతిలోనూ లేదు. ఆ ఒప్పందం మాత్రం మీ చేతిలో ఉంది.

వ్యాఖ్యాత: టైము దగ్గరపడింది. ప్రొడ్యూసర్ గారూ, ప్రతి వారం ఓట్ల లెక్క బయటపెట్టడానికి మీవాళ్లకి అడ్డేమిటి?

నిర్మాత: సీజన్ మధ్యలో పెడితే పోటీ చచ్చిపోతుంది. ఒకడు బాగా ముందున్నాడని తెలిస్తే మిగతావాళ్లకి ఎవరేస్తారు?

లెక్చరర్: సీజన్ అయ్యాక?

నిర్మాత: అయ్యాక పెట్టొచ్చు. ఎక్స్ ఫ్యాక్టర్‌వాళ్లు పెట్టారుగా.

లెక్చరర్: ఓట్లతోపాటు ఎన్ని నంబర్ల నుంచి వచ్చాయో కూడా?

నిర్మాత: అదా... అది లాయర్లని అడగాలి మేడమ్.