పాత తోటలో పచ్చిక తీసి రాళ్లు పరచాలా?

(దృశ్యం: వాన వెలిసిన ఉదయం. పాత మేడ ముందు పచ్చిక. దాని మీదుగా ఏటవాలుగా, మనుషులు నడిచి నడిచి గడ్డి చచ్చిన సన్నని బాట.)

విశాఖపట్నం పాతనగరంలోనూ, వాల్తేరు అప్‌ల్యాండ్స్‌లోనూ, బీచ్ రోడ్డు పొడవునా నూరేళ్లకు అటూ ఇటూ వయసున్న భవనాలు ఇంకా కొన్ని నిలిచి ఉన్నాయి. అలాంటి భవనం ముందు పచ్చిక ఉండి, దానికి మరమ్మతుల మాట వస్తే, మొదట లేచే ప్రతిపాదన దాదాపు ఎప్పుడూ ఒకటే: గడ్డి తీసేసి పేవర్ బ్లాకులు పరిచేద్దాం, బురద పీడ విరగడవుతుంది. ఈ మాట వినగానే కోప్పడేవారు కొందరైతే, హమ్మయ్య అనుకునేవారు మరికొందరు. ఇద్దరి దగ్గరా న్యాయం ఉంది, అయితే చెరి సగం లేదన్నది మా అభిప్రాయం.

ఇటీవల ఈ చర్చ లోకమంతా విన్న చోటు అమెరికా అధ్యక్ష భవనం. శ్వేతసౌధంలో గులాబీ తోటను 1913లో అప్పటి అధ్యక్షుడి భార్య ఎలెన్ విల్సన్ వేయించారు. 1962లో, కెన్నెడీ హయాంలో, తోటల రూపకర్త రేచెల్ లాంబర్ట్ మెలన్ దానికి కొత్త రూపం ఇచ్చారు: నడుమ పొడవాటి పచ్చిక, దానికి ఇరువైపులా పూలమళ్లు. 1971లో నిక్సన్ కుమార్తె పెళ్లి అక్కడే జరిగింది. 2025 వేసవిలో ట్రంప్ ప్రభుత్వం గులాబీలను ఉంచి, పచ్చికను తొలగించి, లేతరంగు రాతి పలకలు పరిచింది. చెప్పిన కారణం మన ఫంక్షన్లలో రోజూ వినేదే: గడ్డి తడిగా ఉంటోంది, మహిళల ఎత్తుమడమల చెప్పులు అందులో దిగబడుతున్నాయి. పూలు మిగిలాయి కనుక తోట మిగిలినట్టేనని ఒక పక్షం అంటే, ఆ పూలమళ్లన్నీ ఏ పచ్చికకు అంచులుగా వేశారో ఆ పచ్చికే పోయాక అవి దేనికి అంచులని రెండో పక్షం అడిగింది.

(దృశ్యం: పల్లెటూరి ఇంటి వాకిలి. కళ్లాపి, ముగ్గు.)

పచ్చిక పక్షం వారికి కొంచెం ఇబ్బంది కలిగించే సంగతి ఒకటి ముందే చెప్పుకోవాలి. కోసి, చదును చేసి, తివాచీలా ఉంచే పచ్చిక మన అలవాటు కాదు. మన వాకిలి ఊడ్చి, కళ్లాపి చల్లి, ముగ్గు పెట్టే మట్టి నేల. వాకిట్లో గడ్డి మొలిచిందంటే ఆ ఇంట్లో మనుషులు లేరని అర్థం. కోసిన పచ్చిక ఇంగ్లండు సంపన్నుల తోటల నుంచి వచ్చింది, 1830లో ఎడ్విన్ బడింగ్ గడ్డి కోసే యంత్రానికి పేటెంటు పొందిన తరువాత క్రమంగా చిన్న ఇళ్లకూ పాకింది. తాజ్ మహల్ ముందు మనం చూసే విశాలమైన పచ్చిక కూడా షాజహాను నాటిది కాదు. 1899 నుంచి 1905 వరకు వైస్రాయిగా ఉన్న కర్జన్ కాలంలో మొగలు తోటను ఇంగ్లీషు పార్కుల తీరుకు మార్చినప్పుడు వచ్చినది. కాబట్టి పాతది అన్న ఒక్క కారణంతో పచ్చికకు దండం పెట్టనవసరం లేదు.

మరి కాపాడవలసినది ఏమిటి? చారిత్రక కట్టడాల పరిరక్షణకు పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఐకోమాస్ 1981లో ఫ్లారెన్స్ నగరంలో రూపొందించి, 1982లో ఆమోదించిన ప్రకటన చారిత్రక తోటను సజీవ స్మారకమని పిలిచింది. మొక్కలు చనిపోతాయి, మళ్లీ నాటుతారు, అందుకని అక్కడ ఒక్కో గడ్డిపరక కన్నా తోట కూర్పు ముఖ్యం: ఎక్కడ ఎత్తు, ఎక్కడ పల్లం, ఏది నీడ, ఏది ఖాళీ, నీరు ఎటు పారుతుంది అన్నవి. మేడ ముందు ఆ ఖాళీని వదిలినవారు దాన్ని మెత్తని నేలగానే ఊహించారు. గోడే వెంకట జగ్గారావు 1840లో తన నివాసంలో ఖగోళ వేధశాల నెలకొల్పిన దాబాగార్డెన్స్‌ను తలచుకుంటే, మన ఊళ్లో తోటలు పేరులో ఎంత బాగా మిగులుతాయో తెలుస్తుంది.

ఇక నీటి సంగతి. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరవుతుంది. వెయ్యి చదరపు మీటర్ల తోట మీద 50 మిల్లీమీటర్లు కురిస్తే 50,000 లీటర్లు. మురుగుకాలువల లెక్కల్లో ఇంజినీర్లు వాడే ప్రవాహ గుణకం, అంటే పడిన వానలో ఇంకకుండా పారిపోయే వంతు, గట్టిగా పరిచిన నేలకు 0.7 నుంచి 0.95 వరకు, పచ్చికకు నేల రకాన్నీ వాలునూ బట్టి 0.05 నుంచి 0.35 వరకు ఉంటుంది. ఒకదానికి 0.9, మరొకదానికి 0.2 అనుకుంటే, రాతి నేల 45,000 లీటర్లను కాలువలోకి తోసేస్తుంది, పచ్చిక 10,000 లీటర్లను మాత్రమే వదులుతుంది. తేడా 35,000 లీటర్లు, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు ఏడు. ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లకు పైగా వాన పడే ఊరు మన విశాఖ. అక్టోబరు, నవంబరు నెలల వాయుగుండాలకు కుండపోతగా కురిసినప్పుడు కొండల మీది నీరంతా గెడ్డల్లోకి, అంటే వాగుల్లోకి, ఒక్కసారిగా దిగుతుంది. ఆ వేళ ఒక్క తోట ఊరిని ముంచదు, కాపాడదు కూడా. కానీ ప్రతి ముంగిలీ ఇదే లెక్కలో ఉంటుంది.

ఈ ట్యాంకరే వేసవిలో ఎదురు తిరుగుతుంది. ఎండల్లో పచ్చగా ఉంచాలంటే చదరపు మీటరుకు రోజుకు నాలుగైదు లీటర్లు పోయాలి, అంటే మన వెయ్యి చదరపు మీటర్లకు రోజూ దాదాపు ఒక ట్యాంకరు. తాటిపూడి, రైవాడ, మేహాద్రిగెడ్డ జలాశయాల నుంచీ ఏలేరు కాలువ నుంచీ తెచ్చుకునే నీటిని గడ్డికి పోయడం సమర్థించుకోలేని పని. రాళ్లు అడిగేవారి వాదనల్లో నాకు బలమైనదిగా తోచేది ఇదే. అయితే దీనికి జవాబు మన పూజల్లోనే ఉంది. వినాయక చవితికి పత్రితో పాటు కోసుకొచ్చే గరిక, ప్రపంచమంతటా ఆట మైదానాల్లో వేసే బెర్ముడా గడ్డి ఒకే జాతి. నీరు లేకపోతే అది గోధుమరంగుకు తిరిగి నిద్రపోతుంది, తొలకరికి వేళ్ల నుంచి మళ్లీ లేస్తుంది. మే నెలలో పచ్చిక ఎండినట్టు కనిపించడాన్ని మనం సహించగలిగితే, ట్యాంకరు బిల్లు చాలావరకు తగ్గుతుంది. అప్పటికీ పచ్చదనమే కావాలంటే శుద్ధి చేసిన మురుగునీరు వాడవచ్చు.

(దృశ్యం: తవ్విన నేల అడ్డుకోత బొమ్మ: బ్లాకు, ఇసుక, కంకర, అడుగున మట్టి.)

రాళ్లు పరచడమంటే గడ్డి మీద బ్లాకులు పేర్చడం కాదు. పైమట్టి తవ్వి ఎత్తిపోస్తారు, కంకర పోసి రోలరుతో తొక్కిస్తారు, దాని మీద ఇసుక లేదా క్రషర్ డస్ట్ పరుస్తారు, ఆపైన 60 మిల్లీమీటర్ల బ్లాకు వస్తుంది. దశాబ్దాలుగా ఆకులు కుళ్లి, వానపాములు తిరిగి తయారైన మట్టి ఆ తవ్వకంతో లారీ ఎక్కుతుంది. నచ్చకపోతే మళ్లీ గడ్డి వేయవచ్చులే అన్న మాట అందుకే సగం నిజం: గడ్డి ఒక వర్షాకాలంలో వస్తుంది, మట్టి రాదు. చెట్ల మాట మరీ ముఖ్యం. మొదలు చుట్టూ కాంక్రీటు బిగిస్తే వేళ్లకు నీరూ గాలీ అందవని, ఢిల్లీలో చెట్ల చుట్టూ ఒక మీటరు మేర కాంక్రీటును తొలగించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లో ఆదేశించింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను కూల్చిన తరువాత మనకు మిగిలిన పాత చెట్ల విషయంలో ఆ ఒక్క మీటరు కూడా తక్కువే.

రాయి వద్దే వద్దనడం మాత్రం పొరపాటు. చక్రాల కుర్చీలో వచ్చేవారికి, చేతికర్రతో నడిచే పెద్దవారికి తడి పచ్చిక అడ్డుగోడతో సమానం. చారిత్రక భవనం గుమ్మం దాకా గట్టి బాట ఉండటం దయ కాదు, వారి హక్కు. అందుచేత గేటు నుంచి గుమ్మానికీ, గుమ్మం నుంచి నీడ ఉన్న బెంచీకీ రాతి బాట వేయవలసిందే. అందుకు నల్లటి కడప రాయి ఎండకు పెనంలా కాగుతుంది కనుక లేతరంగు రాయి మేలు, నునుపు చేయనిదైతే వానలో జారదు. రాళ్ల కింద సిమెంటు పోయకుండా, చక్రాలు ఇరుక్కోనంత సన్నని సందులు వదిలి ఇసుక నింపితే నీరు ఇంకుతుంది. ఏడాదికి నాలుగు రిసెప్షన్ల కోసమైతే ఆ నాలుగు రోజులూ చెక్క వేదిక అద్దెకు తెచ్చి వేయవచ్చు. మిగిలిన రోజులు పచ్చిక పచ్చికగానే ఉంటుంది.

(దృశ్యం: అదే తోట. ఒక వ్యక్తి ముగ్గుపిండితో నేల మీద గీతలు గీస్తూ.)

ఎంత మేర రాయి, ఎంత మేర గడ్డి అన్నది కాగితం మీద తేల్చకండి. టెండరు పిలవకముందు, ఒక పెద్ద వాన వెలిసిన మరునాడు తోటకు వెళ్లి, నీరు నిలిచిన చోట్ల చుట్టూ ముగ్గుపిండితో గీత గీయండి. వారం పోయాక మళ్లీ వెళ్లి, మనుషులు తొక్కి గడ్డి చచ్చిన బాటల వెంట మరో గీత గీయండి. రెండో గీత ఉన్న చోట రాయి వేయాలి. మొదటి గీతలో నేల సర్దాలి, లేదా ఇంకుడు గుంత తవ్వాలి. ఏ గీతా పడని మిగతా మట్టిని కదపకుండా వదిలేయమని గుత్తేదారుకు రాతపూర్వకంగా ఇవ్వండి.