చెత్తతో మళ్లీ బతికిన రైలు మార్గం

సభకు నమస్కారం.

పురపాలక సంస్థల్లో పనిచేస్తున్న ఇంజనీర్లు, సివిల్ ఇంజనీరింగ్ విద్యార్థులు ఎక్కువగా ఉన్న సభ ఇది. కాబట్టి చెత్త ఎందుకు సమస్య అయిందన్న చోటు నుంచి మొదలుపెట్టి మీ సమయం తీసుకోను. న్యూయార్క్ నగరంలో భాగమైన స్టేటన్ ఐలండ్‌లో పదహారేళ్ల పాటు మూతపడి ఉన్న ఒక గూడ్సు రైలు మార్గాన్ని 2007లో మళ్లీ తెరిచారు. దాన్ని తెరవడానికి ప్రధాన కారణం చెత్త. ఈరోజు ఆ ఒక్క ఉదాహరణనే పట్టుకుని మాట్లాడతాను. నా అభిప్రాయం కూడా ముందే చెబుతాను. చెత్త దూరం పోవాల్సి వస్తే లారీ కంటే రైలు మేలన్న విషయంలో నాకు అనుమానం లేదు. అయితే రైలు చెత్తను ఒక్క కిలో కూడా తగ్గించదు. అది దూరాన్ని మాత్రమే చౌక చేస్తుంది. ఆ చౌకదనం భారం ఎవరి మీద పడుతుందో ఒప్పందం రాసేటప్పుడే తేల్చుకోవాలి.

స్టేటన్ ఐలండ్ జనాభా సుమారు ఐదు లక్షలు. న్యూయార్క్ నగరానికున్న ఐదు విభాగాల్లో జనాభాలో అన్నిటికంటే చిన్నది అదే. దాని పడమటి ఒడ్డున, ఫ్రెష్ కిల్స్ అనే చిత్తడి నేలలో, 1948లో నగరపాలకులు చెత్త పోయడం మొదలుపెట్టారు. కొద్ది కాలానికేనని అప్పట్లో చెప్పారు. ఆ కొద్ది కాలం 53 ఏళ్లు సాగింది. 2,200 ఎకరాల ఆ స్థలానికి 1980ల మధ్యలో రోజుకు 29,000 టన్నుల దాకా చెత్త వచ్చేది. మన్‌హాటన్, బ్రూక్లిన్ వంటి ప్రాంతాల చెత్తను బార్జీల మీద, అంటే చదునైన సరకు పడవల మీద తెచ్చి అక్కడ దించేవారు. ఊరంతటి చెత్తా తమ వాకిట్లోనే పోస్తున్నారన్న కోపం ద్వీపవాసుల్లో ఎంతగా పేరుకుందంటే, 1993లో నగరం నుంచి విడిపోవాలా వద్దా అని ఓటింగు పెడితే 65 శాతం మంది విడిపోవాలనే ఓటేశారు. ఆ ఓటుకు వేరే కారణాలు కూడా ఉన్నాయి గాని, ఫ్రెష్ కిల్స్ వాటిలో చిన్నదేమీ కాదు. వేర్పాటు జరగలేదు. 1996లో మాత్రం, 2001 ఆఖరుకల్లా ఆ డంపింగ్ యార్డును మూసేయాలని రాష్ట్రం చట్టం చేసింది. గడువుకు చాలా ముందే, 2001 మార్చి 22న చివరి బార్జీ వచ్చింది.

డంపింగ్ యార్డు మూతపడింది గాని చెత్త ఆగలేదు. నగరం దాన్ని లారీల్లో న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, వర్జీనియాలకు పంపించింది. ఆ రాష్ట్రాలు ఎందుకు ఒప్పుకున్నాయని మీకు అనిపించవచ్చు. ఒప్పుకోవడమో కాదనడమో వాటి చేతుల్లో లేదు. చెత్త కూడా వాణిజ్య సరకేనని, పొరుగు రాష్ట్రం నుంచి వచ్చిందన్న కారణంతో దాన్ని అడ్డుకునే అధికారం ఏ రాష్ట్రానికీ లేదని అమెరికా సుప్రీంకోర్టు 1978లో ఫిలడెల్ఫియా నగరానికి, న్యూజెర్సీకి నడుమ సాగిన కేసులో తీర్పు చెప్పింది. డంపింగ్ యార్డు పూర్తిగా మూతపడక ముందే, 1999లో న్యూయార్క్ మేయర్ జూలియానీకి, వర్జీనియా గవర్నర్ గిల్‌మోర్‌కు మధ్య ఈ విషయం మీదే బహిరంగంగా మాటల యుద్ధం జరిగింది. నగర సంస్కృతి వల్ల, వ్యాపారం వల్ల లాభపడుతున్న ఇరుగుపొరుగులు దాని చెత్తను కూడా భరించాలన్నది మేయర్ వాదన. వర్జీనియా ఆ ఏడే ఆంక్షలు పెడుతూ చట్టం చేస్తే, వాటిలో ముఖ్యమైనవాటిని ఫెడరల్ కోర్టులు కొట్టేశాయి. మేయర్ వాదన నాకు ఎప్పుడూ రుచించలేదు. నాటకం చూడటానికి వెళ్లినవాడు టిక్కెట్టు కొనుక్కునే వెళ్తాడు కదా.

ఇక రైలు మార్గం సంగతికి వస్తాను. స్టేటన్ ఐలండ్ ఉత్తరపు ఒడ్డు వెంబడి ఉన్న గూడ్సు లైనుకు ఒకప్పుడు పెద్ద ఖాతాదారు ప్రోక్టర్ అండ్ గాంబుల్ వారి సబ్బుల కర్మాగారం. 1907లో మొదలైన ఆ కర్మాగారం చుట్టుపక్కలకు పోర్ట్ ఐవరీ అన్న పేరే స్థిరపడింది. ఆర్లింగ్టన్ యార్డు దగ్గర చీలి దక్షిణానికి పోయే ట్రావిస్ బ్రాంచి లైను చమురు నిల్వ కేంద్రాలకు, ఒక విద్యుత్కేంద్రానికి సరకు చేరవేసేది. ఖాతాదారులు ఒక్కొక్కరే తప్పుకున్నారు. 1991లో సబ్బుల కర్మాగారం మూతపడింది, గూడ్సు రైళ్లూ ఆగిపోయాయి. సబ్బు మోసిన మార్గమే తర్వాత చెత్త మోసిందని అక్కడివారు నవ్వుకుంటే తప్పుపట్టలేం.

ద్వీపాన్ని న్యూజెర్సీలోని ఎలిజబెత్‌తో కలిపే ఆర్థర్ కిల్ రైలు వంతెన గురించి ఇంజనీర్ల సభలో కాస్త ఎక్కువ చెప్పుకోవచ్చు. 1959లో కట్టిన ఈ వంతెన నడిమి భాగం 558 అడుగుల పొడవుంటుంది. నిలువుగా పైకి లేచే వంతెనల్లో ఇంత పొడవైన భాగం ప్రపంచంలో మరెక్కడా లేదు. ఓడలు పోవడానికి దాన్ని నీటికి 135 అడుగుల ఎత్తుకు లేపుతారు, రైలు వచ్చినప్పుడు 31 అడుగుల ఎత్తుకు దించుతారు. రోజంతా ఓడలు తిరిగే జలమార్గం మీద అంత బరువును లేపుతూ దించుతూ ఉండాలంటే రెండు బురుజుల్లోని మోటార్లు, తీగతాళ్లు, ప్రతిభారాలు ఒకదానితో ఒకటి సరిగ్గా పొసగాలి. పదహారేళ్లు వాడకుండా వదిలేసిన యంత్రాన్ని తిరిగి ఆ స్థితికి తేవడం పట్టాలు వేసినంత తేలిక కాదు. నగర ఆర్థికాభివృద్ధి సంస్థ ఆ మార్గాన్ని 1994లోనే కొని ఉంచింది. 2004 డిసెంబరులో ఆ సంస్థ, న్యూయార్క్, న్యూజెర్సీల ఉమ్మడి రేవుల సంస్థ అయిన పోర్ట్ అథారిటీ కలిసి 7.2 కోట్ల డాలర్ల పథకాన్ని ప్రకటించాయి. వంతెనకు రంగులు వేసి, ఎత్తే యంత్రాలను బాగుచేశారు. ఆర్లింగ్టన్ యార్డును పెంచి, ట్రావిస్ బ్రాంచి మీద ఫ్రెష్ కిల్స్ దాకా 6,500 అడుగుల కొత్త పట్టాలు వేశారు. 2007 ఏప్రిల్ 2న క్రమం తప్పని రైళ్లు మొదలయ్యాయి. అదే నెల 17న మేయర్ బ్లూమ్‌బర్గ్ అధికారికంగా వేడుక జరిపారు.

పాత డంపింగ్ యార్డు పక్కనే కట్టిన ట్రాన్స్‌ఫర్ స్టేషనులో జరిగేది చెప్పుకోవడానికి సులువైన పని. ఇంటింటి చెత్త తెచ్చిన లారీలు కప్పున్న షెడ్డులో దాన్ని కుమ్మరిస్తాయి. ఆ చెత్తను బిగుతుగా నొక్కి, ఇరవై అడుగుల పొడవున్న ఉక్కు కంటైనర్లలోకి ఎక్కించి, తలుపులు మూసి సీలు చేస్తారు. ఒక్కో చదును వ్యాగన్ మీద నాలుగేసి కంటైనర్లు పెట్టి పంపుతారు. రైలు వంతెన దాటి న్యూజెర్సీ మీదుగా దక్షిణానికి దాదాపు వెయ్యి కిలోమీటర్లు పోయి, దక్షిణ కరోలినాలోని లీ కౌంటీలో బిషప్‌విల్ దగ్గరున్న డంపింగ్ కేంద్రానికి చేరుతుంది. చివరి అంచె మళ్లీ ఒక చిన్న రైల్వే సంస్థ నడిపే బ్రాంచి లైనే. పెద్ద రైల్వేలు గిట్టుబాటు కాదని వదులుకున్న మార్గాలకు చెత్త లాంటి ఖాతాదారు దొరకడం కష్టం. దానికి పండగ సెలవు లేదు, సీజను లేదు, మాంద్యం వచ్చినా పెద్దగా తగ్గదు.

చెప్పుకోవడానికి సులువే గాని, కష్టమంతా ఖాళీ కంటైనర్ల దగ్గర ఉంటుంది. రోజుకు 800 టన్నులు వస్తాయని, కంటైనరుకు 20 టన్నులు పడతాయని అనుకోండి. రోజుకు 40 కంటైనర్లు, అంటే పది వ్యాగన్లు కావాలి. వెళ్లి, దించి, కడిగి, తిరిగి రావడానికి పది రోజులు పడితే 400 కంటైనర్లు, వంద వ్యాగన్లు ఎప్పుడూ దారిలోనే ఉంటాయి. మధ్యలో ఏ యార్డులోనో రెండు రోజులు ఆగాయంటే ఇక్కడ మరో 80 కంటైనర్లు సిద్ధంగా ఉండాలి. లేకపోతే షెడ్డులో నేల మీద చెత్త పేరుకుని, బయట లారీలు వరుస కడతాయి. రైలు ఖర్చు లెక్కేసేటప్పుడు టన్నుకు, కిలోమీటరుకు ఎంతని చూసి, ఈ ఖాళీల సంగతి మరచిన అంచనాలు మన దగ్గర తరచు కనిపిస్తాయి. మరో తేడా కూడా ఉంది. మన ఊళ్ల చెత్తలో సగానికి పైగా తడి చెత్తే. గట్టిగా నొక్కితే అందులోంచి నీరు కారుతుంది. తలుపు రబ్బరు అంచు ఒక్కచోట తెగినా, ఆ నీరు దారి పొడవునా పట్టాల మీద కారుతూ పోతుంది. హైదరాబాదు వంటి నగరంలో ఈ పద్ధతి పెట్టాలంటే తడి చెత్తను ఇంటి దగ్గరే వేరు చేయడం ముందు జరగాలి, రైలు సంగతి ఆ తర్వాత.

రైలుకు చట్టంలో ఒక ప్రత్యేక హోదా ఉండటం వల్ల అమెరికాలో ఒక చిక్కు వచ్చింది. 1995 నాటి ఫెడరల్ చట్టం రైల్వే కార్యకలాపాలను రాష్ట్రాల నియంత్రణ నుంచి చాలావరకు తప్పించింది. దాన్ని అడ్డు పెట్టుకుని న్యూజెర్సీలో కొన్ని చోట్ల పట్టాల పక్కనే, ఆరుబయట, లారీల్లోని చెత్తను వ్యాగన్లకు మార్చేవారు. రాష్ట్ర పర్యావరణ శాఖ తనిఖీకి వెళ్తే, ఇది రైల్వే పని, మీ పరిధి కాదనేవారు. 2008లో అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ ప్రత్యేకంగా చట్టం చేసి, రైలు దగ్గరి చెత్త బదిలీ కేంద్రాలకూ రాష్ట్రాల ఆరోగ్య, పర్యావరణ నిబంధనలు వర్తిస్తాయని తేల్చింది. రైల్వేలు పూర్తిగా కేంద్రం చేతిలో ఉండే మన దేశంలో ఇలాంటి పథకం వస్తే, పట్టాల పక్క స్థలంలో కాలుష్య నియంత్రణ మండలి మాట చెల్లుతుందా లేదా అన్న ప్రశ్న మొదటి రోజే వస్తుంది.

దారిలో ఆగితే ఏమవుతుందో అలబామాలోని పారిష్ అనే చిన్న ఊరు 2018లో చూసింది. అక్కడ ఆగింది ఇంటి చెత్త కాదు, న్యూయార్క్ ప్రాంతపు మురుగు శుద్ధి కేంద్రాల నుంచి వచ్చిన బురద. పక్క ఊరు కోర్టుకెళ్లి తమ దగ్గర ఆపకుండా ఉత్తర్వు తెచ్చుకోవడంతో, వందల కంటైనర్లు వెయ్యి మంది కూడా లేని పారిష్ యార్డులో రెండు నెలలకు పైగా నిలిచిపోయాయి. బేస్‌బాల్ మైదానం పక్కనే ఉన్న ఆ యార్డు నుంచి వచ్చిన కంపు దేశమంతా వార్తయింది. రైలు నడుస్తున్నప్పుడు దాని సంగతి ఎవరికీ పట్టదు. ఆగినప్పుడు మాత్రం, ఆగిన చోటి వాళ్లది ఏ ఒప్పందంలోనూ సంతకం ఉండదు.

గమ్యస్థానం సంగతి మరీ తక్కువ మంది మాట్లాడుతారు. లీ కౌంటీ కేంద్రానికి దగ్గరలో ఉండే కొందరు దుర్వాసన గురించి దావా వేశారు. అందులో తలెత్తిన న్యాయ సందేహాలకు దక్షిణ కరోలినా సుప్రీంకోర్టు 2013లో జవాబిచ్చింది. దుర్వాసన చేతికి తగిలే భౌతిక వస్తువు కాదు గనుక అది ఇంటి స్థలంలోకి చొరబడటం కిందికి రాదని, ఇబ్బంది కలిగించడం కింద మాత్రమే దావా నిలుస్తుందని, తాత్కాలికమైన ఇబ్బందికి పరిహారం ఆ ఇంటి అద్దె విలువలో తగ్గిన మేరకే ఉంటుందని చెప్పింది. న్యాయశాస్త్రపరంగా తీర్పు సబబే కావచ్చు. పల్లెటూరి ఇంటికి అద్దె ఎంత ఉంటుందో, అందులో తగ్గుదల ఎంత ఉంటుందో మీరే ఊహించండి. వెయ్యి కిలోమీటర్ల దూరాన ఉన్న నగరం చెల్లించే టన్ను ధరలో ఆ తగ్గుదల లెక్కకు కూడా అందదు.

దూరం తప్పనిసరి అని కూడా నేననుకోను. ఇంగ్లండులో మాంచెస్టర్ ప్రాంతపు చెత్త రైలెక్కి కొన్ని పదుల కిలోమీటర్ల దూరంలోని రన్‌కార్న్ వెళ్తుంది. అక్కడ దాన్ని కాల్చి, వచ్చే ఆవిరిని, విద్యుత్తును పక్కనున్న రసాయన కర్మాగారానికి ఇస్తారు. కాల్చడం మీద నాకు వేరే అభ్యంతరాలున్నాయి, అవి మరో ప్రసంగానికి సరిపోతాయి. కనీసం అక్కడ చెత్త పుట్టిన ప్రాంతానికీ అది చేరే చోటుకూ మధ్య రాష్ట్రాల సరిహద్దులూ వెయ్యి కిలోమీటర్లూ లేవు.

హైదరాబాదులో, విశాఖలో ఇలాంటి ప్రతిపాదన మీ బల్ల మీదికి ఏదో ఒకనాడు వస్తుంది. హైదరాబాదు చెత్త చేరే జవహర్‌నగర్ చుట్టుపక్కల వాళ్ల కష్టం తీర్చడానికి చెత్తను మరో జిల్లాకు రైలు మీద పంపుదామని ఎవరో ఒకరు అంటారు. ఆ టెండరు పత్రంలో రెండు నిబంధనలు రాయించండి. బయలుదేరే స్టేషనులో తూకం నమోదు చేసినట్టే, ప్రతి కంటైనరు దారిలో ఎక్కడ ఎన్ని గంటలు ఆగిందో కూడా నమోదు కావాలి, ఆ వివరం అందరికీ అందుబాటులో ఉండాలి. ఇక ఆలస్యానికి కట్టే జరిమానా నగరపాలక సంస్థ ఖజానాకు కాకుండా, ఆ కంటైనరు ఆగిన ఊరి పంచాయతీ ఖాతాకు జమ కావాలి.