నీళ్లలోంచి బయటికి వచ్చాకే అసలు చలి: బెంగళూరు శీతాకాలంలో స్ప్రింట్ ట్రయథ్లాన్

[దృశ్యం: జనవరి నెల, ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. బెంగళూరు శివారులో ఆరుబయటి ఈతకొలను. నీటిపై పలుచగా పొగలాంటి ఆవిరి. కొంచెం దూరంలో ఇనుప స్టాండ్లకు వరుసగా తగిలించిన సైకిళ్లు.]

వ్యాఖ్యానం:

నమస్కారం. 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైక్లింగ్, 5 కిలోమీటర్ల పరుగు, ఈ మూడింటినీ గడియారం ఎక్కడా ఆగకుండా ఒకదాని వెంట ఒకటి పూర్తిచేసే పోటీని స్ప్రింట్ ట్రయథ్లాన్ అంటారు. 2000లో సిడ్నీలో తొలిసారి ఒలింపిక్స్‌లోకి వచ్చిన ట్రయథ్లాన్‌లో దూరాలు దీనికి సరిగ్గా రెట్టింపు. ఉద్యోగం చేసుకుంటూ ఉదయం పూటా శని, ఆదివారాల్లోనూ మాత్రమే సాధన చేయగలిగినవారికి స్ప్రింట్ దూరం అందుబాటులో ఉంటుంది కాబట్టి, మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, బెళ్లందూరు ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగువారిలో కూడా దీనిపై ఆసక్తి చూపేవారు కనిపిస్తున్నారు. ఈత, సైక్లింగ్, పరుగు ఎలా సాధన చేయాలో చెప్పే వీడియోలు చాలా ఉన్నాయి. చలి ఉదయాన ఈ పోటీలోకి దిగిన మనిషి శరీరంలో వేడి ఎక్కడ పుడుతుంది, ఎక్కడ పోతుంది, ఆ పోయే వేడిని ఎలా కాపాడుకోవాలి అన్నదే ఈ వీడియో విషయం.

సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున ఉన్న బెంగళూరులో జనవరి నెల సగటు కనిష్ఠ ఉష్ణోగ్రత దాదాపు 16 డిగ్రీలు ఉంటుంది. 1884 జనవరి 13న నమోదైన 7.8 డిగ్రీలు ఈ నగరానికి రికార్డు. నంది కొండల వైపో కనకపుర రోడ్డు వైపో నగరం దాటి వెళితే, కాంక్రీటు తగ్గి పొలాలు, చెరువులు మొదలైన చోట చలి మరింత తెలుస్తుంది. హిమాలయాల చలితో పోలిస్తే ఇది చలే కాదని అనేవారున్నారు. ఒళ్లు పొడిగా ఉన్నంతసేపు ఆ మాట నిజమే.

[దృశ్యం: కొలను గట్టున ఇద్దరు ఈతగాళ్లు. ఒకరు పాదం నీటిలో పెట్టి చూస్తున్నారు.]

కొలను దగ్గర ఒక సంభాషణ తరచుగా వినిపిస్తుంది. "అన్నా, నీళ్లెలా ఉన్నాయి?" అని కొత్తగా వచ్చిన కుర్రవాడు అడుగుతాడు. "నీళ్లదేముంది తమ్ముడూ, బయటికొచ్చాక తెలుస్తుంది అసలు చలి" అని అనుభవం ఉన్నవారు జవాబిస్తారు. ఆ జవాబులో ఉన్నది పూర్తిగా భౌతికశాస్త్రమే. ఆరుబయటి కొలనులోని నీరు పగటి ఎండకు మెల్లగా వేడెక్కి, రాత్రి చలికి మెల్లగా చల్లబడుతుంది కాబట్టి, తెల్లవారుజామున గాలి ఉష్ణోగ్రత అట్టడుగుకు పడిపోయిన సమయంలో నీరు గాలికంటే వెచ్చగానే ఉంటుంది. ఇందాక మీరు చూసిన ఆ పొగ ఏర్పడేది కూడా అందువల్లనే. అంటే ఈత ముగించి గట్టెక్కిన మనిషి వెచ్చని చోటి నుంచి చల్లని చోటికి వస్తున్నాడు, అదీ ఒళ్లంతా తడితో, వెంటనే సైకిలెక్కి గాలికి ఎదురు వెళ్లవలసిన స్థితిలో. బెంగళూరు లాంటి చోట శీతాకాలపు ట్రయథ్లాన్‌లో అతి క్లిష్టమైన భాగం ఈత కాదనీ, ఈతకు తరువాతి పది పదిహేను నిమిషాలేననీ నేను గట్టిగా నమ్ముతాను.

అలాగని ఈతను తేలిగ్గా తీసుకోమని కాదు. ఒకే ఉష్ణోగ్రతలో ఉన్న గాలికంటే నీరు సుమారు ఇరవై అయిదు రెట్లు వేగంగా శరీరం నుంచి వేడిని లాక్కుంటుంది. అంతర్జాతీయ పోటీల కొలనుల్లో నీటిని 25 నుంచి 28 డిగ్రీల మధ్య ఉంచుతారు. అలాంటి నీటికి అలవాటుపడ్డవారికి 20 డిగ్రీల నీరు మొదటి క్షణంలో ఊపిరి బిగబట్టేలా చేస్తుంది. చర్మం ఒక్కసారిగా చల్లబడినప్పుడు మన ప్రమేయం లేకుండానే గుండెల నిండా గాలి పీల్చుకుంటాం, శ్వాస వేగం పెరుగుతుంది, గుండె వేగంగా కొట్టుకుంటుంది. 10 నుంచి 15 డిగ్రీల నీటిలో ఈ ప్రతిచర్య చాలా తీవ్రంగా ఉంటుంది, 20 డిగ్రీల దగ్గర కూడా కొందరిలో స్పష్టంగా కనిపిస్తుంది. ఆ క్షణంలో ముఖం నీటిలో ఉంటే నీరు మింగే ప్రమాదం ఉంది. రెండు మూడు నిమిషాల్లో శరీరం దానంతటదే సర్దుకుంటుంది కాబట్టి, పోటీకి ముందే ముఖం, మెడ, ఛాతీ తడుపుకుని, నిర్వాహకులు అనుమతిస్తే ఒకసారి నీటిలో దిగి, నోటితో బుడగలు వదులుతూ నెమ్మదిగా ఊపిరి విడవడం అలవాటు చేసుకోవాలి. గుండె జబ్బు గానీ ఆస్తమా గానీ ఉన్నవారు వైద్యుణ్ని అడగకుండా చల్లని నీటిలో పోటీపడకూడదు.

సంక్రాంతికి చంకలెత్తనివ్వని చలి అని మన పెద్దలు చెప్పిన మాట ఈతగాళ్లకు అక్షరాలా వర్తిస్తుంది. ఫ్రీస్టైల్‌లో ప్రతి బారకూ చంక తెరుచుకోవాలి, భుజం పూర్తిగా తిరగాలి; చలికి ముడుచుకున్న భుజాలతో దిగితే బార పొట్టిదవుతుంది, బారల సంఖ్య పెరుగుతుంది, తొందరగా అలుపు వస్తుంది. అందుకే ఈతకు ముందు వేడెక్కవలసింది గట్టు మీదనే. పది నిమిషాల నెమ్మది పరుగు, తరువాత చేతులను గుండ్రంగా తిప్పడం, ఆపైన పోటీ మొదలయ్యే వరకు పాత స్వెటరూ రబ్బరు చెప్పులూ విప్పకుండా ఉండడం అవసరం. ఈత, సైకిల్, పరుగు మూడింటికీ వేసుకునే ఒంటికి అతుక్కునే పలుచని దుస్తు అయిన ట్రైసూట్‌తో వరుసలో పావుగంట నిలబడితే ఆ వేడెక్కడమంతా వృథా అవుతుంది.

చల్లని నీటిలో ఒంటిని వెచ్చగా ఉంచే రబ్బరు దుస్తు, అంటే వెట్‌సూట్ గురించి ఒక్క మాట. ప్రపంచ ట్రయథ్లాన్ సమాఖ్య నిబంధనల ప్రకారం, వయోవిభాగాల పోటీల్లో 1500 మీటర్ల వరకు ఉండే ఈతకు నీరు 22 డిగ్రీలు దాటితే వెట్‌సూట్ నిషిద్ధం, 15.9 డిగ్రీల కంటే తగ్గితే తప్పనిసరి. ఇక్కడ గమనించదగ్గ సంగతి ఏమిటంటే, నీరు చల్లగా ఉన్నప్పుడు గాలి ఇంకా చల్లగా ఉంటే నీటి కొలతను తగ్గించి లెక్కగట్టే పట్టిక కూడా ఆ నిబంధనల్లోనే ఉంది. నీటిలోంచి బయటికి వచ్చాక ఏమవుతుందో నిబంధనలు రాసినవారు కూడా ఆలోచించారన్నమాట.

[దృశ్యం: ట్రాన్సిషన్ ప్రాంతం. తడి ఒంటితో పరుగెత్తుకొస్తున్న పోటీదారు. కెమెరా ఆమె చేతివేళ్లకు దగ్గరగా వెళుతుంది.]

ఈత నుంచి సైకిల్‌కు మారే చోటును ట్రాన్సిషన్ అంటారు. అక్కడ గడిపే సమయం కూడా పోటీ సమయంలోకే వస్తుంది కాబట్టి అందరూ తొందరపడతారు. ఇప్పుడు ఈమె చేతివేళ్లను చూడండి. గడ్డం కింద హెల్మెట్ బకిల్ పెట్టుకోవడానికి ప్రయత్నిస్తున్నారు. వేళ్ల చివర్లు పాలిపోయి ఉన్నాయి. బకిల్ రెండు ముక్కలూ ఎదురెదురుగా వచ్చాయో లేదో వేళ్లకు తెలియడం లేదు. ఒకసారి జారిపోయింది, రెండోసారి మధ్యలో చర్మం ఇరుక్కుంది, మూడోసారి టక్కుమని శబ్దం వచ్చింది. చలిలో శరీరం గుండె, మెదడు ఉన్న భాగాలను కాపాడుకోవడానికి చేతులకూ కాళ్లకూ వెళ్లే రక్తాన్ని తగ్గిస్తుంది. వేళ్లను కదిపే కండరాలు చాలావరకు ముంజేతిలో ఉంటాయి, అవి చల్లబడితే పట్టు తగ్గుతుంది. నాడుల్లో సంకేతాలు కూడా నెమ్మదిస్తాయి. స్టాండు నుంచి సైకిల్‌ను తీయకముందే హెల్మెట్ బకిల్ పెట్టుకోవాలనీ, సైకిల్‌ను తిరిగి స్టాండుకు తగిలించే దాకా తీయకూడదనీ నిబంధన ఉంది కాబట్టి ఈ పనిని వాయిదా వేయడానికి వీల్లేదు. ఇంట్లోనే చేతులను చల్లనీళ్లలో కొన్ని నిమిషాలు ముంచి, ఆ తరువాత బకిల్ పెట్టడం, జిప్ లాగడం సాధన చేయండి. జాకెట్ జిప్‌కు లావుపాటి దారంతో ఒక ఉంగరంలా ముడి వేసుకుంటే మొద్దుబారిన వేలితో కూడా లాగవచ్చు.

ఇప్పుడు అసలు లెక్క. తడి ఆరాలంటే నీరు ఆవిరి కావాలి, ఆవిరి కావడానికి వేడి కావాలి. 100 మిల్లీలీటర్ల నీరు చర్మం మీద ఆవిరి కావడానికి సుమారు 58 కిలోకేలరీల వేడి పడుతుంది. తడిసిన జుట్టు, ట్రైసూట్, చర్మం కలిపి అంత నీటిని మోయడం పెద్ద విషయం కాదు. మరోవైపు, సైకిల్ తొక్కేటప్పుడు మనం ఖర్చుచేసే శక్తిలో దాదాపు నాలుగో వంతు కంటే తక్కువే పెడల్‌కు చేరుతుంది, మిగిలినదంతా వేడిగా మారుతుంది. పెడల్ మీద 150 వాట్ల శక్తితో తొక్కే మనిషి శరీరంలో సుమారు 500 వాట్ల వేడి పుడుతుందనుకుంటే, ఆ 100 మిల్లీలీటర్ల నీరు తినేసే వేడిని పుట్టించడానికి ఎనిమిది నిమిషాలు పడుతుంది. ఆవిరి కావడానికి పట్టే వేడి అంతా ఒంటి నుంచే పోదు, కొంత గాలి నుంచి కూడా వస్తుంది, కాబట్టి ఇది ఉజ్జాయింపు లెక్కే. అయినా పది సెకన్లు ఆగి టవల్‌తో జుట్టు, మెడ, ఛాతీ, చేతులు గట్టిగా తుడుచుకుంటే ఎంత మిగులుతుందో ఈ లెక్క చెబుతుంది. పది సెకన్లు పోతాయని టవల్ ముట్టనివారు తరువాతి 20 కిలోమీటర్లలో అంతకు ఎన్నో రెట్లు పోగొట్టుకుంటారు.

తుడుచుకున్న తరువాతి పని గాలిని ఆపడం. నిశ్చలమైన గాలిలో మన చర్మాన్ని అంటిపెట్టుకుని ఒక పలుచని వెచ్చని పొర ఉంటుంది. గంటకు 28 కిలోమీటర్ల వేగంతో సైకిల్ తొక్కుతున్నప్పుడు సెకనుకు దాదాపు 8 మీటర్ల గాలి ఎదురై ఆ పొరను నిలవనివ్వదు. ఆ గాలి నేరుగా తగిలేది ఛాతీకి, పొట్టకు, మోకాళ్లకు, చేతివేళ్లకు. అందుచేత దళసరి స్వెటర్ కంటే, చేతులు లేని పలుచని విండ్ జాకెట్ ఎక్కువ మేలు చేస్తుంది. అది కూడా లేకపోతే, పాత దినపత్రికను మడిచి ట్రైసూట్ లోపల ఛాతీ మీద పెట్టుకోవచ్చు. టూర్ ద ఫ్రాన్స్‌లో కొండ శిఖరం నుంచి దిగే సైక్లిస్టులు ఎన్నో ఏళ్లపాటు చేసిన పని ఇదే. ఆర్మ్ వార్మర్లు, అంటే చేతులకు తొడుక్కునే విడి తొడుగులు, తడి చేతులకు అంటుకుని పైకి రావు కాబట్టి, ముందురోజే వాటిని మణికట్టు దాకా చుట్టలుగా చుట్టి పెట్టుకోవాలి. సైక్లింగ్ బూట్ల కింద గాలి రావడానికి ఉండే రంధ్రాల మీద టేపు అంటిస్తే కాలివేళ్లకు కొంత రక్షణ దొరుకుతుంది. పోటీ నెంబరు కనబడేలా, అది తగిలించిన బెల్టును జాకెట్ పైననే కట్టుకోవడం మరచిపోకూడదు.

[దృశ్యం: మంచులో తడిసిన తారు రోడ్డు. తెల్ల గీతల పక్కనుంచి సైకిల్ చక్రం.]

సైకిలెక్కిన మొదటి పది నిమిషాలు తేలికపాటి గేర్‌లో, నిమిషానికి 90 చుట్ల దరిదాపుల్లో కాళ్లు తిప్పాలి. చల్లబడిన కండరం బలహీనంగా ఉంటుంది, దానిపై బరువు గేర్ మోపితే మోకాళ్ల దగ్గర నొప్పి మొదలయ్యే అవకాశం ఉంది. తెల్లవారే ముందు రోడ్డు మీద మంచు తడి ఉంటుంది. తెల్ల గీతలు, రాలిన ఆకులు, ఇనుప మూతలు ఉన్నచోట చక్రం జారుతుంది. పైగా మొద్దుబారిన వేళ్లు బ్రేకును ఆలస్యంగా నొక్కుతాయి. మన రోడ్ల మీద హంప్‌లు ముందుగా చెప్పి రావు కాబట్టి, చూపు దూరంగా ఉంచి, మామూలు కంటే ముందుగానే వేగం తగ్గించాలి. చలిలో దాహం తెలియదు, కానీ చెమటా శ్వాసా నీటిని తీసుకుపోతూనే ఉంటాయి. గోరువెచ్చని నీటితో నింపిన సీసా నుంచి మధ్యమధ్యలో ఒక గుక్క తాగితే చాలు.

సైకిల్ నుంచి పరుగుకు మారే రెండో ట్రాన్సిషన్‌లో జాకెట్ తీసేయండి. పరుగులో ఎదురుగాలి తక్కువ, పుట్టే వేడి ఎక్కువ, అప్పటికి ఎండ కూడా వచ్చి ఉంటుంది. జాకెట్‌తోనే పరుగెత్తితే చెమటతో మళ్లీ తడుస్తారు. సాగే లేసులున్న బూట్లయితే ముడి వేసే పని ఉండదు. మొదటి కిలోమీటరులో పాదాలు నేలను తాకుతున్న స్పర్శ సరిగా తెలియకపోవచ్చు, అది తిరిగి వచ్చేవరకు అడుగులు పొట్టిగా వేయాలి. మిగిలిన నాలుగు కిలోమీటర్లలో చలి ప్రసక్తి ఉండదు, అక్కడ మీ సాధనే పనిచేస్తుంది.

[దృశ్యం: వైద్య శిబిరం. దుప్పటి కప్పుకున్న పోటీదారు.]

ఎప్పుడు ఆగాలో కూడా చెప్పాలి. శరీరం లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీల కంటే తగ్గితే దాన్ని హైపోథెర్మియా అంటారు. ఆపుకోలేని వణుకు, తడబడే మాట, సైకిల్ నిలకడగా నడపలేకపోవడం, అడిగినదానికి పొంతన లేని జవాబు రావడం దాని గుర్తులు. అన్నిటికంటే ప్రమాదకరమైన సంగతి ఏమిటంటే, ఆ స్థితిలో ఉన్నవారికి తాము బాగానే ఉన్నామనిపిస్తుంది. కాబట్టి పక్కన పోటీపడుతున్నవారిలో ఈ గుర్తులు కనిపిస్తే మీ సమయం గురించి ఆలోచించకుండా వాలంటీర్‌ను పిలవండి.

"చల్లనీళ్లలో దిగితే జలుబు చేస్తుందిరా" అని ఊరి నుంచి అమ్మ ఫోన్‌లో చెప్పడం చాలామందికి అనుభవమే. జలుబు వైరస్ వల్ల వస్తుంది, నీళ్ల వల్ల కాదు. అయితే తడిబట్టలతో కూర్చోకూడదన్న ఆమె రెండో మాటను మాత్రం తప్పక పాటించాలి. పరుగు ఆగగానే కండరాల్లో వేడి పుట్టడం తగ్గిపోతుంది, చెమట మాత్రం ఆరుతూనే ఉంటుంది. అందువల్ల పొడి బనియన్, ఉన్ని టోపీ, సాక్సులు, ఫ్లాస్కులో వేడి రాగిజావ ఉన్న సంచిని ముగింపు గీత దగ్గర ఎవరికైనా ముందే అప్పగించి ఉంచండి. పతకంతో ఫొటోలు దిగడానికి ముందు బట్టలు మార్చుకుని, టోపీ పెట్టుకుని, జావ తాగండి.