పట్టికను కింది నుంచి చదివితే

శ్రోతలకు నమస్కారం. పత్రికలో ఏ లీగ్ పట్టిక కనబడినా నేను కింది నుంచి చదువుతాను. పైనున్నవారి గురించి చెప్పడానికి ఎలాగూ పదిమంది ఉంటారు. ఇంగ్లండ్ మహిళల ఫుట్‌బాల్‌లో రెండో అంచె అయిన ఛాంపియన్‌షిప్ లీగ్ 2021-22 పట్టికనూ అలాగే చూద్దాం. 12 జట్లు, ఒక్కొక్కదానికి 22 మ్యాచ్‌లు. అప్పట్లో మొదటి జట్టు పై లీగ్‌కు వెళ్ళేది, చివరి జట్టు కింది లీగ్‌కు దిగిపోయేది. ఆ ఏడు లివర్‌పూల్ నెగ్గి పైకి వెళ్ళింది. లివర్‌పూల్ మాట ఇంతటితో సరి.

నేను చెప్పవలసింది కోవెంట్రీ యునైటెడ్ సంగతి. ఆ జట్టు 2021 వేసవిలోనే పూర్తికాలపు జట్టయింది. అంటే ఆటే ఉద్యోగం, ఆ జీతంతోనే ఇంటి అద్దె. డిసెంబరు 23న, క్రిస్మస్ ఇంకా రెండు రోజులుందనగా, క్లబ్ మూతపడుతోందనీ, ఒప్పందాలు రద్దవుతాయనీ క్రీడాకారిణులకు కబురందింది. జనవరి మొదటి వారంలో, ఇక గడువు ముగిసిపోతుందనగా, ఒక కొత్త యజమాని ముందుకు రావడంతో క్లబ్ నిలిచింది గాని, ఈ వ్యవహారానికి శిక్షగా 10 పాయింట్లు కోత పడ్డాయి. పది పాయింట్లంటే మూడు గెలుపులు, ఒక డ్రా. డబ్బు లెక్కలు చూసేవారు వేరు, ఆ పాయింట్లను మైదానంలో తిరిగి సంపాదించవలసినవారు వేరు. ఈ పద్ధతి నాకెప్పుడూ మింగుడుపడలేదు.

సీజన్ ఆఖరి రోజున వారి ప్రత్యర్థి వాట్‌ఫర్డ్. ఇద్దరిలో ఒకరు దిగిపోవాలి. వాట్‌ఫర్డ్‌కు డ్రా చాలు, కోవెంట్రీకి గెలుపే కావాలి. 90 నిమిషాలూ గడిచిపోయాయి, స్కోరు 1-1. ఇంజ్యూరీ టైమ్‌లో, 97వ నిమిషంలో, కోవెంట్రీకి ఫ్రీ కిక్ దొరికింది. మోలీ గ్రీన్ కొట్టిన ఆ బంతి గోల్‌లోకి వెళ్ళింది. పది పాయింట్లు పోయిన జట్టు నిలిచింది. ఏ కోతా లేని జట్టు దిగిపోయింది.

ఈసారి పట్టిక చూసినప్పుడు పాయింట్ల పక్కన చిన్న నక్షత్రం గుర్తు ఉందేమో గమనించండి, ఉంటే అడుగున ఉన్న వివరణ చదవండి; కోతకు ముందు మైదానంలో ఎన్ని పాయింట్లు సంపాదించారన్నది అది చదివాకే తెలుస్తుంది.

మరుసటి సీజన్లో కోవెంట్రీ యునైటెడ్ కింది లీగ్‌కు దిగింది. అదే సీజన్ ముగిసేసరికి వాట్‌ఫర్డ్ తిరిగి పైకి వచ్చింది.