నదిని కాపాడవలసింది ఫ్యాక్టరీ గేటు దగ్గర

సభకు నమస్కారం.

పారిశ్రామిక నగరంలో నది పాడైందనగానే అందరి చూపూ నగరపాలక సంస్థ మురుగునీటి శుద్ధి కేంద్రం మీదికే వెళ్తుంది. దాని సామర్థ్యం పెంచాలంటాం, లేదా మరొకటి కట్టాలంటాం. అవసరమైన చోట కట్టవలసిందే. కాని ఆ కేంద్రం ఏ పని చేయగలదో, ఏ పని దానివల్ల కాదో గుర్తించకుండా ఎన్ని కట్టినా నది కోలుకోదని నా దృఢమైన అభిప్రాయం.

1914లో మాంచెస్టర్‌కు చెందిన ఆర్డెర్న్, లాకెట్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు తమ ప్రయోగ ఫలితాలను ప్రకటించారు. మురుగులోకి గాలి పంపి, అడుగున తేరిన బురదను పారబోయకుండా, దానిమీదే మళ్లీ కొత్త మురుగు పోస్తూ వచ్చారు. మొదట వారాలు పట్టిన శుద్ధి, బురద పెరిగేకొద్దీ గంటల్లో ముగియసాగింది. ఎందుకంటే ఆ బురద నిండా ఉన్నవి ప్రాణమున్న సూక్ష్మజీవులు. నేటికీ ప్రపంచంలో ఎన్నో పెద్ద నగరాల మురుగును శుభ్రం చేస్తున్నది ఈ పద్ధతే. అందుచేత శుద్ధి కేంద్రాన్ని యంత్రాల సముదాయంగా కాక, గాలీ ఆహారమూ సమంగా అందితేనే బతికే జీవిగా చూడాలని మనవి.

ఇళ్ల మురుగు ఆ జీవికి ఆహారం. లోహపు పూత పరిశ్రమల నుంచి వచ్చే క్రోమియం, సైనైడ్, ఘాటైన ఆమ్లాలు దానికి విషం. పగలంతా సవ్యంగా నడిచిన కేంద్రం, అర్ధరాత్రి ఎవరో ఒక ట్యాంకు ఆమ్లాన్ని మ్యాన్‌హోల్‌లోకి వదిలితే తెల్లవారేసరికి కుప్పకూలవచ్చు. ముందుగా దెబ్బతినేవి అమ్మోనియాను నైట్రేటుగా మార్చే బ్యాక్టీరియా. అవి చాలా నెమ్మదిగా పెరుగుతాయి కనుక మళ్లీ కుదురుకోవడానికి వారాలు పట్టవచ్చు. అంతవరకూ అమ్మోనియా నేరుగా నదిలోకి పోతుంది. అది చేపలకు విషం కావడమే కాక, అందులోని ఒక్కో మిల్లీగ్రాము నైట్రోజన్ నైట్రేటుగా మారడానికి సుమారు 4.6 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కావాలి. 20 డిగ్రీల వేడిలో ఒక లీటరు నది నీటిలో కరిగి ఉండగలిగే ఆక్సిజన్ మొత్తం దాదాపు 9 మిల్లీగ్రాములే. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే నదికి ఎంత తక్కువ ఓర్పు ఉందో తెలుస్తుంది.

లోహాల సంగతి ఇంకా కష్టం. సూక్ష్మజీవులు వాటిని తిని అరిగించుకోలేవు. అవి కొంత నదిలోకి పోతే, మిగిలింది బురదలో చేరి, పొలానికి ఎరువు కావలసిన ఆ బురదను దేనికీ పనికిరాకుండా చేస్తుంది.

ఆక్సిజన్ నష్టం కాలువ కలిసే చోటే పూర్తిగా కనబడదు. అమెరికాలోని ఓహైయో నది మీద పనిచేసిన స్ట్రీటర్, ఫెల్ప్స్ అనే పరిశోధకులు 1925లోనే దీన్ని లెక్కకట్టి చూపారు: మురుగు కలిసిన చోటు నుంచి ఆక్సిజన్ తగ్గుతూ పోయి, ఎంతో దిగువన కనిష్ఠానికి చేరి, ఆ తర్వాతే మెల్లగా కోలుకుంటుంది. చేపలు చచ్చేది ఒక చోట, కారణం మరొక చోట. పైగా, 1912లో బ్రిటిష్ రాయల్ కమిషన్ శుద్ధి చేసి వదిలే నీటిలో బీఓడీ, అంటే అందులోని మలినాలను సూక్ష్మజీవులు అరిగించుకోవడానికి కావలసిన ఆక్సిజన్, లీటరుకు 20 మిల్లీగ్రాములు మించరాదన్నప్పుడు, ఆ నీటిని పలచబరచడానికి నదిలో కనీసం 8 రెట్ల శుభ్రమైన నీరు ఉంటుందన్న లెక్కతో చెప్పింది. ఎండాకాలంలో శుద్ధి కేంద్రం వదిలిన నీరే నదిగా పారే చోట ఆ హద్దు ఎలా సరిపోతుంది?

కనుక నా ప్రతిపాదన స్పష్టం. విషాలను పుట్టిన చోటే, ఆ ఫ్యాక్టరీ ఆవరణలోనే తొలగించాలి. నీటిని ఒక తొట్టెలో నిల్వచేసి, ఆమ్లత సరిచేసి, రోజంతా సమంగా వదలాలి. నగరపు మురుగుకాలువలో కలిసే ముందు ప్రతి ఫ్యాక్టరీకి విడిగా ఒక తనిఖీ గుంత ఉండాలి. ఆ గుంత ప్రహరీ లోపల కాక బయట, ఎవరి అనుమతీ అడగకుండా రాత్రి రెండు గంటలకైనా నమూనా తీయగలిగే చోట ఉండాలి.